మన ఇంటి పెద్దల ముచ్చట్లు మనవలకి మిగలాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాయనమ్మ, మేనత్తల మాటలు ఫోన్లో రికార్డు చేసి చుట్టాలందరికీ పంపిన దగ్గర్నుంచి, మన ఉత్తరాంధ్రలో ఇటు ఇచ్ఛాపురం మొదలుకొని అటు ఎస్.కోట దాకా తెలిసినోళ్ళు, వాళ్ళకి తెలిసినోళ్ళు అందరూ తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. వరసలో చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి.

మాది మామూలు రైతు కుటుంబం, రాజులం కాదు జమీందార్లం కాదు. మా ఇంట్లో దాచుకోడానికి ఏటుంది?

రాజుల కథలు ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారండి. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగితే ఇప్పటికీ పాడుతున్నారు, ఆడుతున్నారు, సినిమాలు తీసినారు. అదే, ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చేదాకా మీ ముత్తాత దివాణానికి శిస్తు ఎలగ కట్టినాడు, పంట పోయిన ఏడు ఏం తాకట్టు పెట్టినాడు, కళ్ళంలో కంబారీకి, అంటే పాలేరుకి, ఎన్ని కుంచాలు కొలిచేవారు, పొద్దున్నే చోడి (రాగి) అంబలిలోకి నంజుకోడానికి ఏం ఉండేది, ఇవి ఏ పుస్తకంలోనూ దొరకవు. మందస దగ్గర 1940 ఏప్రిల్ 1న రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపినప్పుడు చనిపోయిన గున్నమ్మ పేరు చరిత్రలో ఉంది, బావుంది, ఉండాలి కూడా. కానీ ఆ పొద్దు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తిన మిగతా ఆడవాళ్ళు ఏం చూసినారో వాళ్ళ ఇళ్ళలో చెప్పుకుంటేనే తెలుస్తాది, చెప్పుకోకపోతే లేదు. నన్నడిగితే గొప్ప ఇళ్ళ కంటే మామూలు ఇళ్ళ సంగతులే ముందు రాయాలి, ఎందుకంటే వాటికి రెండో కాపీ ఎక్కడా లేదు.

ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

అందరికన్నా పెద్దవాళ్ళ దగ్గరికి, ఒంట్లో బాలేనివాళ్ళ దగ్గరికి. వాళ్ళ తరవాత, ఏ పెళ్ళిలోనూ మాట్లాడనివాళ్ళ దగ్గరికి. ప్రతి ఇంట్లో కథలు బాగా చెప్పే పెదనాన్న ఒకాయన ఉంటాడు, అందరం ఆయన దగ్గరికే పోతాం, ఆయన చెప్పినవే మళ్ళీ మళ్ళీ రికార్డు చేస్తాం. ఆయన కథలు ఎలాగూ అందరికీ వచ్చు. వంటింట్లో ఉండిపోయిన పిన్నమ్మని, ఖరగ్‌పూర్‌లో స్థిరపడిపోయిన చిన్నాన్నని, చిన్నప్పుడే పెళ్ళి చేసి పంపేసిన అప్పని ఎవరూ అడగరు. మీ సొంతూళ్ళో మీ ఇంట్లో పని చేసిన పాత కంబారీ ఎవరైనా ఉంటే ఆయన్ని కూడా అడగండి. మీ తాత ఎలాంటివాడో మీ నాన్న ఒకలా చెప్తాడు, ఆయన ఇంకోలా చెప్తాడు, రెండూ కావాలి.

"ఏటుంది బాబూ చెప్పడానికి, పుట్టినాం, పెరిగినాం, కష్టపడినాం" అనేసి ఊరుకుంటున్నారు. మాట్లాడించడం ఎలగ?

ఎదురుగా కూర్చోబెట్టి ఫోను పెట్టి "నీ జీవితం గురించి చెప్పు" అంటే ఎవరైనా అదే అంటారు, నేనైనా అంటాను. చేతిలో పని ఉండాలి. మా మేనత్త కుర్చీలో కూర్చోబెడితే రెండు ముక్కలు మాట్లాడి "కాఫీ తాగుతావేటి" అని లేచిపోయేది. ఒకరోజు అరుగు మీద కాళ్ళు చాపుకుని చేటలో చోళ్ళు చెరుగుతుంటే పక్కన కూర్చుని "ఇవి విసరడానికి తిరగలి మనింట్లోదేనా, ఎవరింటికైనా ఎల్లేవారా" అని అడిగినాను, అంతే. చేట ఎగరేస్తూ, పొట్టు ఊదుతూ, మధ్యలో రాయి ఏరి పక్కకి పడేస్తూ, తిరగలి ఎవరిచ్చినారు, ఆ ఇచ్చినావిడ మొగుడు కలకత్తా జనుము మిల్లుకి పోయి తిరిగి ఎందుకు రాలేదు, ఆవిడ కూతురికి పెళ్ళి ఊరంతా కలిసి ఎలగ చేసినారు, అన్నీ వచ్చినాయి. చేట ఆగితే మాట ఆగేది. ఆ రికార్డింగ్ నిండా చేట చప్పుడే, నాకు అదే ఇష్టం.

పని లేకపోతే వస్తువు పెట్టండి ముందు. ఇత్తడి బిందె, పాత ఫోటో, ట్రంకు పెట్టె, పొందూరు ఖద్దరు పంచె, ఏదో ఒకటి. "ఇది ఎక్కడిది" అంటే చాలు. వాళ్ళు ఆగితే మీరూ ఆగండి, వెంటనే ఇంకో ప్రశ్న వేసేయొద్దు, ఆ ఖాళీ తరవాతే అసలు మాట వస్తాది చాలాసార్లు. ముప్పావుగంటకి మించి లాగొద్దు, అలిసిపోతారు.

ప్రశ్నల లిస్టు ఏదైనా ఉందా?

లిస్టు చూసి చదివితే బ్యాంకులో ఫారం నింపినట్టే ఉంటాది, అందుకే పూర్తి లిస్టు ఇవ్వను. కానీ పని చేసే ప్రశ్నలు కొన్ని చెప్తా. మీ చిన్నప్పుడు ఇంటికి ఏ వైపు వాకిలి ఉండేది, ఎవరు ఎక్కడ పడుకునేవారు. నీళ్ళు ఎక్కడినుంచి తెచ్చేవారు, గెడ్డ (వాగు) నుంచా నుయ్యి నుంచా, ఆ నుయ్యి దగ్గరికి అందర్నీ రానిచ్చేవారా. పురుళ్ళు ఎవరు పోసేవారు. సంతకి ఏ రోజు వెళ్ళేవారు, ఏం అమ్మేవారు. వరద వస్తే ఏం మోసుకుని ఎటు పోయేవారు. బడి ఎందుకు మానేసినారు. మొదటిసారి రైలెక్కింది ఎప్పుడు, టికెట్ ఎవరు తీసినారు. అమ్మవారి పండక్కి మీ ఇంటి వంతు ఏటి. మీ అమ్మ ఏ పాట పాడుకునేది పనిలో.

"అవును, కాదు" అని జవాబు వచ్చే ప్రశ్న అడక్కండి. "అప్పట్లో చాలా కష్టాలు కదా తాతా" అని మీరే చెప్పేస్తే ఆయన "అవును బాబూ" అంటాడు, అయిపోయింది.

రికార్డింగ్‌కి ఫోను సరిపోద్దా, మైకు కొనాలా?

ఫోను చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే రికార్డింగ్ ఆగిపోద్ది. ఫోన్ని మడతపెట్టిన తువ్వాలు మీద, మాట్లాడేవాళ్ళకి మూరెడు దూరంలో పెట్టండి, బల్ల మీద నేరుగా పెడితే గ్లాసు పెట్టిన చప్పుడు కూడా బాంబులా పడతాది. ఫ్యాను నేరుగా ఫోను మీదకి తగలకూడదు. టీవీ కట్టేయించండి, సీరియల్ టైములో అసలు వెళ్ళొద్దు. వేసవిలో ఫ్యాను లేకుండా కూర్చోబెట్టమని నేను చెప్పను, ఉదయం ఎనిమిది లోపలో వర్షాల్లోనో చూసుకోండి.

సైజు భయం వద్దు. మామూలు క్వాలిటీలో ఆడియో నిమిషానికి 1 ఎంబీ, గంటకి 60 ఎంబీ దాకా అవుతాది. గూగుల్ ఫ్రీగా ఇచ్చే 15 జీబీలో రెండొందల గంటలు పైనే పడతాయి.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇది: రికార్డింగ్ మొదలెట్టగానే మీ గొంతుతో తేదీ, ఊరు, మాట్లాడేవాళ్ళ పూర్తి పేరు, ఇంటిపేరు, మీకు ఏం అవుతారో చెప్పండి. ఫైలు పేరు ఎవరైనా మార్చేయొచ్చు, లోపల ఉన్న మాట పోదు. పేరూ ఊరూ లేని రికార్డింగ్ ముప్పై ఏళ్ళ తరవాత ఎవరో ముసలావిడ గొంతు, అంతకంటే ఏం కాదు.

వీడియో మంచిదా, ఆడియో మంచిదా?

మాటలకి ఆడియో. కెమెరా చూడగానే మా వాళ్ళు చీర సర్దుకుని పంతులమ్మల్లా మాట్లాడతారు. చేతులతో చేసే పనికి మాత్రం వీడియో కావాలి: వల అల్లడం, తాటాకు బుట్ట అల్లడం, జీడిపిక్కలు కొట్టడం, పనసపొట్టు కొట్టడం, పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకడం లాంటివి. అవి నోటితో చెప్తే అర్థం కావు, మొహం కంటే చేతులు దగ్గరగా తియ్యండి.

వాళ్ళకి సంవత్సరాలు గుర్తులేవు. "మీ నాన్న కడుపులో ఉన్నప్పుడు" అంటారు. తేదీ ఎలగ పట్టుకోవాలి?

ఇది నాకు బాగా ఇష్టమైన పని, కొంచెం ఎక్కువే చెప్తా.

ముందు, తెలుగు సంవత్సరం పేరు గుర్తుందేమో అడగండి. అరవై ఏళ్ళకి ఒకసారి అదే పేరు తిరిగొస్తాది కాబట్టి లెక్క సులువు. 2025-26 విశ్వావసు, అంటే 1965-66 కూడా విశ్వావసే. 2002-03 చిత్రభాను, కాబట్టి 1942-43 చిత్రభాను. ఉగాది నుంచి ఉగాది వరకు అని మర్చిపోవద్దు, జనవరి పుట్టుక అయితే ఇంగ్లీషు సంవత్సరం ఒకటి ముందుకి జరుగుతాది. "ధాత కరువు" అని ముత్తవ్వల నోట విన్నది వస్తే అది 1876-77 నాటి పెద్ద కరువు.

పేరు గుర్తులేకపోతే ఊరంతా గుర్తుపెట్టుకున్న సంఘటన పట్టుకోవాలి. విశాఖపట్నం మీద జపానువాళ్ళు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న, అప్పుడు పట్నం ఖాళీ చేసి చుట్టాలు పల్లెలకి వచ్చేసినారు, "బాంబుల ఏడు" అంటే అదే. శ్రీకాకుళం జిల్లా అయింది 1950 ఆగస్టు 15న. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న, ఆ మరుసటి నెలలోనే జూలై 11న స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం కూలి పడింది, అది మన మీదే పడతాదన్న భయంతో ఊళ్ళలో కోళ్ళూ మేకలూ కోసుకు తినేసినారని ఇప్పటికీ నవ్వుకుంటారు. ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రి అయ్యింది 1983 జనవరిలో, రెండ్రూపాయల బియ్యం ఆ తరవాతే. ఇందిరాగాంధీ పోయింది 1984 అక్టోబరు 31న. సారా, బ్రాందీ అన్నీ బందయింది 1995లో. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోయే చిన్న లైను బండి ఆగిపోయింది 2004లో. కొత్త తరానికి తుపాన్లే గుర్తులు: ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11.

అడిగేటప్పుడు "అది ఏ సంవత్సరం" అనొద్దు. "అప్పటికి జిల్లా విడిపోయిందా? రెండ్రూపాయల బియ్యం వచ్చిందా? నీకు పెళ్ళయిందా, పెద్దోడు నడుస్తున్నాడా?" అని ముందుకీ వెనక్కీ అడుగుతూ పోతే రెండు మూడేళ్ళ తేడాలోకి వచ్చేస్తాది. "సుమారు 1944-46" అని రాయండి, సరిపోద్ది. ఉత్తినే కచ్చితమైన సంవత్సరం వేసేస్తే తరవాతివాళ్ళు అదే నిజం అనుకుంటారు.

బడి రికార్డులో పుట్టినతేదీ చూసి సంబరపడిపోవద్దు. చేర్పించిన రోజున మాస్టారు వేసేసిన తేదీలు అవి, మా ఊళ్ళో సగంమంది జూలై ఒకటినే పుట్టినారు.

రాసేటప్పుడు మన యాస అలాగే ఉంచాలా, బాగు చేయాలా?

అలాగే ఉంచండి. "ఎల్లిపోనాను" అన్నదాన్ని "వెళ్ళిపోయాను" అని మీరు దిద్దితే ఆ మనిషి పోయి ఆ స్థానంలో న్యూస్ రీడర్ వస్తాది. గిడుగు రామమూర్తి పంతులు గారు మన శ్రీముఖలింగం పక్కన పుట్టి, పర్లాకిమిడిలో ఉంటూ, సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ మాటలు, పాటలు, కథలు వాళ్ళు పలికినట్టే రాసుకున్నారు. మన సొంత అమ్మమ్మ మాట మనం రాసుకోలేమా. ఇంట్లో సవరో, ఒడియావో మాట్లాడేవాళ్ళుంటే ఆ భాషలోనే చెప్పించి తెలుగు లిపిలో రాసుకోండి, కింద అర్థం రాయండి. సీతంపేట, మందస వైపు ఇది చాలామందికి అవసరం. బలవంతంగా తెలుగులో చెప్పిస్తే కథ సగం అయిపోతాది.

గూగుల్ వాయిస్ టైపింగ్ పెడితే అదే రాసేస్తాది కదా?

మన యాసకి తప్పులు ఎక్కువ వస్తాయి. నేను చేసేది ఏటంటే, రికార్డింగ్ చెవిలో పెట్టుకుని వింటూ, అదే వాక్యం నా నోటితో నెమ్మదిగా ఫోనుకి చెప్తాను. అది రాసిన తరవాత యాస మాటలు చేత్తో సరిచేస్తాను. మొత్తం రాయక్కర్లేదు కూడా, ఎన్నో నిమిషంలో ఏ సంగతి వచ్చిందో ఒక పేజీ రాసుకుంటే చాలామందికి అదే ఎక్కువ ఉపయోగం.

మా ఇంట్లో అందరి పేర్లూ ఒకటే. ఎలగ విడదీయాలి?

నవ్వొచ్చినా నిజమే. సింహాచలం అప్పన్న వల్ల ఇంటికో అప్పలరాజు, అప్పలనరసమ్మ. అరసవిల్లి వల్ల సూర్యనారాయణ. విజయనగరం వైపు పైడిరాజు, పైడితల్లి. పైగా తాత పేరు మనవడికి. అందుకే వంశవృక్షం రాసేటప్పుడు ప్రతి మనిషికీ మూడు కచ్చితంగా వెయ్యండి: ఎవరి కొడుకో కూతురో, ఏ ఊరు, ఊళ్ళో పిలిచే పేరు. ఆ పిలుపు పేర్లు "పొట్టి", "కలకత్తా", "బడిపంతులు" లాంటివి కొందరికి నామోషీగా ఉంటాయి గానీ వెతికేటప్పుడు అవే దారి చూపిస్తాయి. పెద్ద అట్ట మీద వంశవృక్షం గీసి సంక్రాంతి నాడు గోడకి కట్టి పక్కన పెన్సిల్ పెట్టండి, కనుమ సాయంత్రానికి తప్పులన్నీ చుట్టాలే దిద్దేస్తారు, గొడవపడి మరీ దిద్దుతారు.

వంశవృక్షంలో ఆడపిల్లల పేర్లు వెయ్యాలా? మా పెద్దలు అక్కర్లేదంటున్నారు.

వెయ్యాలి. ఇంకో మాట లేదు. "ఫలానా ఆయనకి ముగ్గురు కొడుకులు" అని రాసి ఆ కొడుకుల్ని కన్న మనిషి పేరే రాయని వంశావళులు చూసినాను. ఆవిడ పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు తప్పకుండా అడగండి. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ వాళ్ళమ్మ, అలా ఆడవాళ్ళ వరసలోనే వెనక్కి ఎంతవరకు వెళ్ళగలరో ఒకసారి చూడండి, చాలా ఇళ్ళలో మూడో మెట్టు దగ్గరే ఆగిపోద్ది. చిన్నప్పుడే పోయిన పిల్లల్ని కూడా వెయ్యండి, ఆ తల్లులు లెక్క మర్చిపోలేదు.

మా ముత్తాత రంగం వెళ్ళి తిరిగి రాలేదంటారు. ఏమైనా తెలుసుకోగలమా?

మన తీరంలో రంగం, అంటే రంగూన్, పోని ఊరు తక్కువ. కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల్లో స్టీమరు ఎక్కి పోయేవారు, రేవులో మూటలు మోయడానికి, ధాన్యం మిల్లుల్లోకి. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద పెద్ద దాడులు జరిగినాయి. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక 1942 మొదట్లో లక్షల మంది అడవుల గుండా నడిచి తిరుగుముఖం పట్టినారు, దారిలో చాలామంది పోయినారు. మళ్ళీ 1962లో అక్కడ సైన్యం పాలన వచ్చాక ఇంకో విడత వెనక్కి వచ్చినారు, వాళ్ళ కోసం కట్టినవే మన దగ్గర బర్మా కాలనీలు, బర్మా క్యాంపులు.

కాబట్టి ముందు అడగాల్సింది, ఏ విడతలో పోయినాడు, చివరి ఉత్తరం, లేదంటే చివరి డబ్బు ఎప్పుడొచ్చింది. దాంతోనే సగం తేలిపోద్ది. ఆయనతో కలిసి అదే పడవలో పోయినవాళ్ళు పక్క ఊళ్ళలో ఉండుంటారు, ఎందుకంటే మేస్త్రీ ఒకడే చుట్టుపక్కల ఊళ్ళన్నిటి నుంచి కూలీలని తీసుకుపోయేవాడు, అప్పు ఇచ్చి మరీ. వాళ్ళ మనవల ఇళ్ళలో అడగండి. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైట్లో బర్మా నుంచి వచ్చినవాళ్ళకి సంబంధించిన ప్రభుత్వ ఫైళ్ళు వెతకొచ్చు, మీ తాత పేరే దొరుకుతాదని ఆశ పెట్టుకోవద్దు గానీ ఆయన బతికిన కాలం కళ్ళకి కడతాది.

ఖరగ్‌పూర్ రైల్వే, కలకత్తా వైపు జనుము మిల్లులు, అస్సాం టీ తోటలు కూడా ఇలాంటివే. ఇప్పుడు గుజరాత్‌లోని వేరావల్ పోతున్న మన మత్స్యకారుల కథ కూడా యాభై ఏళ్ళకి ఎవరో వెతుక్కుంటారు. వాళ్ళని ఇప్పుడే అడగండి, సెలవుకి ఇంటికొచ్చినప్పుడు.

కాగితాలు ఏవైనా దొరుకుతాయా? ఎక్కడ వెతకాలి?

ఇంట్లోనే మొదలెట్టండి. ట్రంకు పెట్టె అడుగున ప్రోనోట్లు, దస్తావేజులు, శిస్తు రసీదులు, జాతకాలు, పెళ్ళి శుభలేఖలు, ఖర్చు పుస్తకాలు. పెళ్ళి ఖర్చుల లెక్క ఒకటి దొరికితే పెట్టిపోతలు, చుట్టాలు, ధరలు అన్నీ అందులోనే ఉంటాయి.

తరవాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. 1983 నుంచి ఉన్న ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, ఆన్‌లైన్లో వస్తాది, అంతకు ముందువి ఆఫీసులో చేతిరాత పుస్తకాల్లో వెతికించుకోవాలి. పాత దస్తావేజు నకలులో తండ్రి పేరు, కులం, వృత్తి, హద్దుల్లో పక్క పొలం వాళ్ళ పేర్లు కూడా ఉంటాయి, అవి బంగారం.

ఒక సంగతి చాలామందికి తెలీదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిపడేదాకా శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు అంతా గంజాం జిల్లా, ఆ జిల్లా కేంద్రం ఛత్రపురం. పాలకొండ, బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు వైపు అప్పటికే విశాఖపట్నం జిల్లా. పాత రికార్డుల కోసం ఎటు వెళ్ళాలో మీ ఊరు అప్పుడు ఎందులో ఉందో దాన్ని బట్టి ఉంటాది. అంతా మద్రాసు రాష్ట్రమే కాబట్టి పైస్థాయి రికార్డులు చెన్నై ఎగ్మోర్లో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీర్, అంటే జిల్లా వివరాలన్నీ ఉన్న సర్కారు పుస్తకం, ఇంటర్నెట్లో ఉచితంగా చదువుకోవచ్చు.

గయలో పిండాలు పెట్టడానికి ఎవరైనా వెళ్తే అక్కడి పండా (యాత్రికుల చేత కర్మలు చేయించే పురోహితుడు) దగ్గర మన జిల్లా వాళ్ళ పుస్తకం ఉందేమో అడగమనండి. పాత తరం ఎవరైనా వచ్చి ఉంటే పేర్లు రాసుంటాయి.

పాత ఫోటోలు పాడైపోతున్నాయి. ఏం చెయ్యాలి?

ఫోటో పోవడం కంటే ముందు పేర్లు పోతాయి. మా ఇంట్లో ఒక పెళ్ళి గ్రూపు ఫోటో ఉంది, చివర్న గొడుగు పట్టుకుని, చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని, పక్కకి చూస్తున్న ఒకాయన. ఆయన మా తాత బావమరిది అని ఒకరు, ఊరి కరణం అని ఒకరు, ఫోటో తీయించడానికి స్టూడియో నుంచి వచ్చినాయన అని ఇంకొకరు. చెప్పగలిగిన మనిషి పోయింది. గొడుగు మాత్రం స్పష్టంగా ఉంది.

కాబట్టి ఈ వారమే ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో ఎడమనుంచి కుడికి పేర్లు రాయండి, బాల్ పెన్నుతో వద్దు, ముందువైపుకి గుర్తు పడిపోద్ది. అద్దానికి అతుక్కుపోయిన ఫోటో లాగొద్దు, పొర లేచిపోద్ది, ఫ్రేములో ఉండగానే ఫోటో తీసుకోండి. జిగురు పేజీల ఆల్బంలో అతుక్కున్నవాటి కింద పళ్ళు తోముకునే సన్న దారం, అదే ఫ్లాస్, జరిపి నెమ్మదిగా లేపొచ్చు, రాకపోతే వదిలేసి పేజీతో పాటే స్కాన్ చెయ్యండి. స్కాన్ కనీసం 300 డీపీఐ, పాస్‌పోర్టు సైజువి అయితే 600. స్కానర్ లేకపోతే కిటికీ పక్కన నేల మీద పెట్టి, ఫ్లాష్ లేకుండా, ఫోను నిటారుగా పట్టుకుని తియ్యండి. వెనకవైపు కూడా తియ్యండి, స్టూడియో ముద్ర ఉంటే ఏ ఊళ్ళో తీయించుకున్నారో తెలుస్తాది.

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత తగ్గిపోద్ది, డాక్యుమెంటుగా పంపండి.

మన తీరంలో తేమ ఎక్కువ. బీరువా అడుగు అరలో, గోడకి ఆనించి పెట్టొద్దు. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచండి, కలరా ఉండలు ఫోటోలకి తగిలేలా వెయ్యొద్దు.

క్యాసెట్లు ఉన్నాయి, తాత జముకుల కథ (జముకు వాయిస్తూ పాడి చెప్పే కథ) చెప్పింది ఒకటి, పెళ్ళి వీడియో ఒకటి.

ఆడియో క్యాసెట్ అయితే పనిచేసే టేప్‌రికార్డర్ సంపాదించి, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్‌కి వైరు కలిపి, ఆడాసిటీ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చెయ్యొచ్చు. ముందు పనికిరాని క్యాసెట్ ఒకటి వేసి చూడండి, టేపు నమిలేసే డెక్కులు ఉంటాయి. లోపల తెల్లటి బూజు కనిపిస్తే వెయ్యొద్దు, తెలిసినవాళ్ళకి ఇవ్వండి. వీడియో క్యాసెట్ షాపులో చేయించుకోవడమే, ఇచ్చేముందు దాని మీద మీ పేరూ ఫోన్ నంబరూ రాయండి.

ఆ జముకుల కథ క్యాసెట్ అన్నిటికంటే ముందు చేయించండి. తప్పెటగుళ్ళు, జముకుల కథ ఊళ్ళ వారీగా వేరువేరుగా ఉంటాయి, మీ ఊరి పాఠం మీ తాత దగ్గరే ఆగిపోయుండొచ్చు.

ఇవన్నీ ఎక్కడ దాచాలి? గూగుల్‌లో పెడితే చాలదా?

చాలదు. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి వేరే ఊళ్ళో. ఇంట్లో హార్డ్‌డిస్క్, గూగుల్ డ్రైవ్, హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య దగ్గర ఇంకో హార్డ్‌డిస్క్. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు ఎన్ని ఇళ్ళ పైకప్పులు పోయినాయో తెలిసినవాళ్ళకి వేరే ఊరు ఎందుకో చెప్పక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌ని ఏళ్ళ తరబడి బీరువాలో పడేస్తే అందులోది పోవచ్చు, దాన్ని నమ్మొద్దు.

గూగుల్ అకౌంటు రెండేళ్ళు ఎవరూ తెరవకపోతే తీసేసే హక్కు వాళ్ళకుంది, 2023 డిసెంబరు నుంచి అది అమల్లో ఉంది. అందుకని సెట్టింగ్స్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటాది, మీ తరవాత ఎవరికి వెళ్ళాలో వాళ్ళ ఈమెయిల్ అక్కడ పెట్టండి. ముఖ్యమైనవి కాగితం మీద ప్రింటు తీసి పెట్టండి. కాగితం చదవడానికి ఛార్జర్ అక్కర్లేదు.

ఒకే సంగతి పెదనాన్న ఒకలా, అత్త ఒకలా చెప్తున్నారు. ఏది రాయాలి?

రెండూ. ఎవరు చెప్పినారో పక్కన పేరు వేసి రెండూ. మీరు జడ్జి కాదు. పొలం పంపకాల్లో అన్యాయం జరిగిందని ఒకరు, సమంగా పంచుకున్నామని ఒకరు అంటే, కాగితం దొరికితే దాని నకలు కూడా పెట్టండి, దొరకకపోతే అలాగే వదిలేయండి.

కొన్ని బయటికి రాకూడని సంగతులు వచ్చేసినాయి. వాటిని ఏం చెయ్యాలి?

వస్తాయి. రెండో సంసారం, కులం దాటిన పెళ్ళి, ఊరి గొడవల్లో కేసులు, ఎవరో నూతిలో పడిపోవడం. 1967 నుంచి 70 దాకా శ్రీకాకుళం నక్సలైటు పోరాటం రోజుల్లో ఏజెన్సీ పక్క ఊళ్ళలో ఎవరికి అన్నం పెట్టినారో, ఎవరిని పోలీసులు పట్టుకుపోయినారో ఇప్పటికీ గొంతు తగ్గించే చెప్తారు కొందరు.

చెప్పినవాళ్ళనే అడగండి, ఇది ఎవరు వినొచ్చు, ఎప్పుడు వినొచ్చు అని. "నేను పోయాకే" అంటే అదే రాసి విడిగా పెట్టండి. చెరిపేయమంటే చెరిపేయండి, వాదించొద్దు. బతికున్న వేరేవాళ్ళ పరువుకి సంబంధించింది అందరికీ పంపొద్దు. రికార్డు చేస్తున్నట్టు చెప్పకుండా మాత్రం ఎప్పుడూ చెయ్యకండి, సొంత అమ్మమ్మ అయినా సరే. తెలిసిందంటే ఆ తరవాత ఆవిడ మీ ముందు మాట్లాడదు, మిగతావాళ్ళూ మాట్లాడరు.

జ్ఞాపకశక్తి తగ్గిపోయిన పెద్దవాళ్ళతో లాభం ఉంటుందా?

నిన్న ఏం తిన్నారో తెలీకపోయినా చిన్నప్పటి పాటలు గుర్తుండొచ్చు. ప్రశ్నలు అడిగి కంగారు పెట్టకుండా ఒక పాట మీరే మొదలెట్టండి, ఊడుపుల పాటో, దంపుళ్ళ పాటో, లాలిపాటో. తప్పు చెప్తే సరిదిద్దొద్దు.

పుస్తకం వెయ్యాలనుకుంటున్నాం. సలహా?

వెయ్యండి గానీ పెద్ద పుస్తకం కోసం పదేళ్ళు ఆగకండి. నలభై పేజీలు, స్పైరల్ బైండింగ్, చుట్టాలకి సరిపడా కాపీలు, వచ్చే సంక్రాంతికి. డీటీపీ చేయించేటప్పుడు ఒకటి గట్టిగా చెప్పండి: యూనికోడ్‌లో చెయ్యమని. చాలా షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లలో చేస్తారు, ఆ ఫైలు వేరే కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలు. పీడీఎఫ్ ఒక్కటే కాదు, టెక్స్ట్ ఫైలు కూడా తీసుకోండి, డబ్బులిచ్చింది మీరు.

రచయితలం కాదని భయపడొద్దు. కారా మాస్టారు, అదే కథా రచయిత కాళీపట్నం రామారావు గారు, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి ఎక్కడెక్కడి పత్రికల్లో చెదిరిపోయిన తెలుగు కథలన్నీ ఒకచోటికి చేర్చినారు. వీలైతే ఒకసారి వెళ్ళి చూడండి, మన జిల్లా మనుషుల బతుకు కథలుగా ఎలగ నిలబడిందో కనిపిస్తాది.

మా పిల్లలు హైదరాబాద్‌లో, అమెరికాలో ఉన్నారు. వాళ్ళకి ఆసక్తి లేదు, తెలుగు చదవడం కూడా రాదు. ఇంక ఎవరి కోసం ఇదంతా?

గంట రికార్డింగ్ పంపితే మీ పిల్లలే కాదు నేనూ వినను. రెండు నిమిషాల ముక్క కత్తిరించి, ఒకే సంగతి ఉన్నది, దానికి తగ్గ ఫోటోతో, వాళ్ళ పుట్టినరోజుకి పంపండి. "మీ ముత్తాత మొదటిసారి రైలెక్కింది ఆమదాలవలసలో" అని. వాళ్ళు ఊరొచ్చినప్పుడు ఫోను వాళ్ళ చేతికే ఇచ్చి అడగమనండి. మనవలు అడిగితే చెప్పేది మనకి చెప్పరు పెద్దవాళ్ళు. మా మేనత్త కొడుకు ఎనిమిదేళ్ళ కూతురు వచ్చీరాని తెలుగులో "నానమ్మా, నీకు బడిలో దెబ్బలు పడినాయా" అని అడిగితే, మేం ఇన్నాళ్ళూ బడికే వెళ్ళలేదనుకున్న మా మేనత్త రెండో తరగతి మాస్టారి బెత్తం ఎంత పొడుగుండేదో చేత్తో కొలిచి చూపించింది.

చదవడం రాకపోతే ఆడియో ఉంది కదా. వాళ్ళు ఇప్పుడు వినకపోయినా ఫైళ్ళ పేర్లు మాత్రం వాళ్ళకి అర్థమయ్యేలా పెట్టండి: సంవత్సరం, ఊరు, మనిషి, సంగతి, ఈ వరసలో.